చిక్కుడు పాదూ, బండ మీద నీడా

నా చిన్నప్పుడు నాతో వాదనకు దిగడానికి మా ఇంట్లో అందరూ వెనకాడేవారు. నా మాటల్లో అంత బలముందని కాదు, ఒకసారి మొదలుపెడితే కంచంలో అన్నం చల్లారిపోయేదాకా వదిలేదాన్ని కాదని. ఒక్క మా తాతయ్య మాత్రం వెనకాడేవాడు కాదు. ఓడిపోవడమంటే ఆయనకు బెరుకు లేకపోవడమే దానికి కారణమని అనుకునేదాన్ని. అసలు కారణం వేరే ఉందని తెలియడానికి ఒక చిక్కుడు పాదు, ఒక గునపం, కొన్ని ఆదివారాలు కావలసివచ్చాయి.

జగ్గయ్యపేటలో మా ఇంటి పెరడు సగం నాపరాళ్లు పరిచినది, సగం నల్లమట్టి. మా వైపు నేల అడుగున సున్నపురాయి ఉంటుంది. బోరు నీళ్లలోనూ ఆ సున్నమే. నాలుగు రోజులు నీళ్లు పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కట్టేది. ఎండాకాలం వడగాలి మొదలైతే నల్లమట్టి చెయ్యి దూరేంత వెడల్పున పగిలిపోయేది. పొద్దుగూకి దీపాలు పెట్టిన తర్వాత కూడా నాపరాళ్లు ఉత్త కాలు మోపనిచ్చేవి కావు. అలాంటి చోట కూరగాయలు పండించాలంటే విత్తనం ఎంత మంచిదన్న దానికంటే, దాన్ని ఏ రోజుల్లో నేలకు ఇచ్చామన్నదే ముఖ్యం. ఈ మాట నేనిప్పుడు చెప్పగలుగుతున్నాను. పదేళ్ల వయసులో నాకు తెలిసిందల్లా, పెద్దవాళ్లు ప్రతి పనికీ ఒక కార్తె పేరు చెప్పి తప్పించుకుంటారని.

తాతయ్య సర్వే శాఖలో గొలుసు పట్టి పొలాలు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. రాళ్లు, గుర్తులు, గీతలు ఆయనకు అక్షరాల వంటివి. మొక్కల సంగతి ఎక్కువగా మా నాయనమ్మ చూసేది. ఇద్దరూ కలిసి పెరట్లో పాటించే నియమాలు చాలా ఉండేవి. వాటిలో ఒకటి, పాదుకు కట్టిన పిందెను వేలుపెట్టి చూపించకూడదన్నది. చూపిస్తే పిందె కుళ్లి రాలిపోతుందట. చూపించక తప్పకపోతే వేలు మడిచి కణుపుతో చూపించాలి.

ఆ ఏడు వానాకాలంలో మా బళ్లో వక్తృత్వపు పోటీ పెట్టారు. నేను మూఢనమ్మకాల మీద మాట్లాడి, బహుమతిగా మూతున్న స్టీలు డబ్బా తెచ్చుకున్నాను. ఆ ఊపులో పిందెల నియమాన్ని పరీక్షకు పెట్టాను. బీరపాదుకు కట్టిన ఒక పిందెను ఎంచుకుని, రోజూ బడికి వెళ్లేముందు దానికి ఎదురుగా నిలబడి చూపుడువేలు సాచి పది అంకెలు లెక్కపెట్టేదాన్ని. పిందె రాలలేదు. జానెడున్నర కాయైంది. కోసి తెచ్చి తాతయ్య చదువుతున్న పేపరు మీద పెట్టాను.

"రాలిందా?" అని అడిగాను.

ఆయన కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాల్లేదమ్మడూ. ఓడిపోయా," అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమోయ్, ఇవాళ మీ నియమాన్ని పచ్చడి చెయ్యి," అని కేకేశాడు. నాయనమ్మ చేసిన ఆ బీరకాయ పచ్చడి తిన్నంతసేపూ నేను జిల్లా కలెక్టరులా కూర్చున్నాను.

ఇక చిక్కుడు పాదు. అది నాయనమ్మ పుట్టింటి విత్తనం. కాయ అంచున సన్నటి ఎర్రగీత ఉంటుంది. కూర వండితే ఇల్లంతా తెలుస్తుంది. ఏటా మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక గింజ పెట్టేది. ఆ పాదు వానలన్నీ తాగి, పందిరంతా పరుచుకుని, ఆకు మీద ఆకు వేసుకుంటూ పోయేదే కానీ పూత మాట ఎత్తేది కాదు. దసరా సెలవుల్లో నేను దివిసీమలో ఉన్న మా అత్తయ్య ఇంటికి వెళ్లాను. అక్కడ వీధి చివర కాలువ. సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి తడిగాలి. ఆవిడ పెరట్లో చిక్కుడు నడుమెత్తు కూడా లేదు కానీ, గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. మా పాదుతో పాటే వేసిందట. "మాకు ఏడాది పొడుగునా కాస్తుందే. తీసుకెళ్లి మీ నాయనమ్మకివ్వు," అని పిడికెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

ఇంటికి రాగానే పొట్లం విప్పి వాదన మొదలుపెట్టాను. రెండు పాదులూ ఒకే నెలలో వేసినవి. అక్కడ కాసింది, ఇక్కడ పూయను కూడా లేదు. కాబట్టి మనది గొడ్డు పాదు, దాన్ని తీసేసి ఆ చోట ఇవి పెట్టాలి.

"ఆ విత్తనం వేరు, ఈ విత్తనం వేరు. ఇంకా పొద్దు తిరగలేదమ్మడూ," అన్నాడు తాతయ్య. "సూర్యుడు ఇంకాస్త దక్షిణానికి జరగాలి. పగలు కురచవ్వాలి, చలి పడాలి. అప్పుడు పూస్తుంది."

"చిక్కుడుకాయకీ సూర్యుడు జరగడానికీ ఏంటి సంబంధం?"

"అదంతా నాకు తెలీదు. జరిగాకే పూస్తుంది, అంతే."

"పిందెల సంగతి కూడా అంతే అన్నావు. రాలిందా?"

ఆయన మళ్లీ పేపరు తెరిచాడు. నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "దానికీ దీనికీ ముడేంటే నీ మొహం," అంది. అది జవాబు కాదని నేను తీర్పు చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున తాతయ్య పాలకు వెళ్లినప్పుడు, నాయనమ్మ స్నానానికి వెళ్లినప్పుడు, కొడవలి తీసుకుని పాదును మోకాలెత్తున కోసేశాను. మొదలు కూడా పీకేద్దామని రెండు చేతులతో పట్టుకుని లాగాను. కదలలేదు. నాలుగు నెలల పాటు ఆకులు తప్ప ఏమీ పెట్టలేదనుకున్న ఆ తీగ, నేల కింద ఏం చేస్తూ వచ్చిందో నాకు అప్పుడే తట్టవలసింది. తట్టలేదు. చేతులు మంట పుట్టి వదిలేశాను.

పదకొండయ్యేసరికి పందిరి మీది ఆకులన్నీ గుడ్డపీలికల్లా వాలిపోయాయి. నాయనమ్మ గడప దాటి వచ్చి చూసింది. ఆవిడ తిడితే చెప్పడానికి నా దగ్గర జవాబులు వరసగా సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు, ఎందుకంటే ఆవిడ ఏమీ అడగలేదు. తీగలను మెల్లగా కిందికి లాగి, మోపు కట్టి, పాలవాళ్ల గేదెకు వేసి వచ్చింది. సాయంత్రం రోజూలాగే నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది.

"కోపమొచ్చిందా?" అన్నాను చివరికి.

"కోపమెందుకే. అది మా అమ్మ చేతి విత్తనం. మీ పోటీల్లో దానికి మార్కులుండవులే."

మిగతాది తాతయ్య చెప్పాడు. వత్సవాయి దగ్గరున్న నాయనమ్మ పుట్టింటి పెరడు ఎప్పుడో పత్తిచేనులో కలిసిపోయింది. ఎర్రగీత చిక్కుడు ఇంకెక్కడా లేదు. కిందటి వేసవిలో దాచిన గింజలకు పురుగు పట్టి నాలుగే మిగిలాయి. ఆ నాలుగూ పెడితే రెండు మొలిచాయి. ఒకదాన్ని కోడి గీకేసింది. రెండోది నేను కోసినది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదన్నది నిజమే. కానీ నేను అడగనూ లేదు. ఊరంతా నన్ను ప్రశ్నల పుట్ట అనేవారు. ఈ పాదు ఎవరిది, ఎక్కడిది, ఇంకెన్ని ఉన్నాయి అన్న ప్రశ్న మాత్రం నా నోట రాలేదు.

ఆ ఆదివారం తాతయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు. కోసిన చోటికి బెత్తెడు కింద, మొదలు నుంచి ఒక పిల్లతీగ గోడ వారగా పాకి ఉంది. కొడవలికి అందలేదు కాబట్టి బతికింది. ఆయన దాని వైపు చూపించాడు, వేలు మడిచి కణుపుతోనే. తర్వాత పందిరి గుంజ దగ్గరకు వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. గుంజ నీడ నాపరాళ్ల మీద ఉత్తరం వైపుకు పొట్టిగా పడి ఉంది. నీడ కొస దగ్గర మేకుతో చిన్న గీత గీశాడు. అక్కడి నుంచి రెండడుగులకు లోపే, ఇంకా నీడ చేరని చోట, మరో గీత కాస్త పొడుగ్గా గీశాడు.

"పొద్దు దక్షిణానికి జరిగేకొద్దీ ఈ నీడ పొడుగవుతుంది. ప్రతి ఆదివారం ఇదే వేళకి నువ్వే గుర్తు పెట్టు. నీడ ఈ పెద్ద గీతని తాకేలోపు పూత వచ్చిందా, నా మాట నిలిచినట్టు. రాలేదా, ఆ మొదలు నా చేత్తో నేనే తవ్వి మీ అత్త గింజలు పెడతా. ఇంకెప్పుడూ నీ దగ్గర కార్తెల ఊసెత్తను. సరేనా?"

"నా పాదు మీద మీ తాతామనవరాళ్ల పందేలేంటండీ?" అని నాయనమ్మ లోపలి నుంచే అరిచింది. కానీ నేను సరేనన్నాను. ముందుగా చెప్పిన మాట, చూసి తేల్చుకోగల గుర్తు. నేను కోరుకునే న్యాయమంతా అందులో ఉందనిపించింది.

ఆదివారాలు గడిచాయి. నీడ బెత్తెడు బెత్తెడుగా జరిగింది. అత్తయ్య గింజలను పెరటి మూలన విడిగా పెట్టాను. మొలిచాయి. పిల్లతీగ గోడెక్కి పందిరిని అందుకుంది. మబ్బు పట్టిన రోజుల్లో దాని చిగుళ్లకు పేనుబంక పురుగు నల్లగా పట్టింది. నాయనమ్మ పొయ్యి బూడిద జల్లించి ఇస్తే, బడికి వెళ్లేముందు, మంచు తడి ఆరకముందే ఆకుల మీద చల్లేదాన్ని. ఒక పొద్దున అలా చల్లుతూ ఉండగా నాకే విచిత్రంగా తోచింది. నా పక్షం గెలవాలంటే పూత రాకూడదు. అయినా నిద్ర లేస్తూనే కణుపు కణుపుకీ పూత కోసం వెతుకుతున్నది నేనే.

చివరికి నీడ పెద్ద గీతను తాకిన ఆదివారం వచ్చింది. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి వెతికాను. తీగ మీద ఆకులే ఉన్నాయి. తాతయ్య వంగి నీడ కొసను చూశాడు, పాదును చూశాడు. వెళ్లి గునపం తెచ్చాడు.

"నీడ తాకింది. పూత లేదు. మాటంటే మాటే," అన్నాడు.

"ఆగు తాతయ్యా."

"ఎందుకాగాలి? గెలిచావుగా."

"నేను దాన్ని కోశాను కదా. కోసిన పాదుకి ఆలస్యమవదా? మామూలు పాదైతే ఈపాటికి పూసేదేమో."

"అది పందేనికి ముందు చెప్పాలి. అప్పుడు ఒప్పుకున్నావు."

"ఒప్పుకోవడం తప్పు."

"ఎవరిది?"

"నాది," అన్నాను.

ఆయన గునపం దించలేదు. "సరే. పిందెల మాట అబద్ధమైతే పొద్దు మాటా అబద్ధమేనని నువ్వే అన్నావు. ఆ లెక్కన కూడా తవ్వెయ్యాల్సిందేగా?"

"అది వేరు, ఇది వేరు. ఒకటి తప్పని తేలితే ఇంకోటి తప్పయిపోదు. దీన్ని మళ్లీ విడిగా చూడాలి."

"అయితే ఉంచితే పూస్తుందంటావా?"

"తెలీదు."

"తెలీకుండానే ఉంచమంటున్నావా?"

"తెలీదు కాబట్టే ఉంచమంటున్నా. తవ్వేస్తే ఇంకెప్పటికీ తెలీదు." అప్పటికే నేను మొదలుకూ గునపానికీ మధ్య నిలబడి ఏడుస్తున్నాను. "అది నాయనమ్మ వాళ్లమ్మది, తాతయ్యా."

గుమ్మంలో నాయనమ్మ చింతపండు పులుసు కారే చేతులతో నిలబడి ఉంది. "అబ్బో, లాయరమ్మ పార్టీ మార్చిందండోయ్," అంది. కోసిన రోజు తర్వాత ఆవిడ నన్ను వెక్కిరించడం అదే మొదటిసారి. ఆ వెక్కిరింత నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. తాతయ్య గునపాన్ని గోడకు ఆనించి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడో ఆదివారం నాటికి, తెల్లవారితే దుప్పటి వదలబుద్ధి కానంత చలి పడ్డాక, కణుపుల్లో నువ్వుగింజలంత మొగ్గలు కనిపించాయి. వారానికి ఊదారంగు పువ్వులు విచ్చుకున్నాయి. ఒక్క పిల్లతీగ కాబట్టి కాయలు కొద్దిగానే పడ్డాయి. రథసప్తమికి చిక్కుడుకాయలను చీపురుపుల్లలతో గుచ్చి సూర్యుడికి రథం కట్టడం మా ఇంట్లో ఏనాడూ తప్పని ఆచారం. ఆ రోజు తాతయ్య బుట్టతో పాదు దగ్గరకు వెళ్లబోతే నాయనమ్మ అడ్డుపడింది. "బజార్లో కొనుక్కురండి. ఈ కాయల్ని ఎవరూ ముట్టుకోడానికి లేదు."

"దేవుడికేనే."

"ఆయనకి తెలీదా? పూయించింది ఆయనేగా. ఒక్క ఏడు సర్దుకుంటాడు." అలా ఆ ఏడు సూర్యుడు బజారు రథమెక్కాడు. పరమాన్నం మాత్రం మా పాదు ఆకులోనే పెట్టారు.

కాయలు తీగ మీదే ఎండాయి. ఒలిస్తే గుప్పెడు గింజలు వచ్చాయి. నేను లోపలికి వెళ్లి నా బహుమతి స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చాను. నాయనమ్మ అడుగున బూడిద పోసి, గింజలు పోసి, మళ్లీ బూడిద కప్పి మూత బిగించింది. ఉగాది దాటగానే వడగాలి మొదలైంది. మూలనున్న అత్తయ్య చిక్కుడు బాగానే పూసింది కానీ, ఆకులు పసుపెక్కి, పట్టిన పూత పట్టినట్టే పొడిగాలికి రాలిపోయింది. అత్తయ్య అబద్ధం చెప్పలేదు. కాలువ తడి, సముద్రపు గాలి ఉన్నచోట అది నిజంగానే ఏడాదంతా కాస్తుంది. నాయనమ్మ విత్తనానికి అలాంటి అండ లేదు. వానల్లో వేళ్లు లోతుకు దించుకుని, నల్లమట్టి దాచిన తడి మీద చలికాలంలో పూసి, వడగాలి రాకముందే గింజ కట్టి తప్పుకుంటుంది. ఎన్ని తరాల ఆడవాళ్లు ఏ పాదు నిలిచిందో చూసి, దాని గింజే దాస్తూ వస్తే ఈ తెలివి వచ్చిందో ఎవరికి తెలుసు.

కథ ఇక్కడితో అయిపోతే నేను దీన్ని ఓర్పు గురించిన పాఠమనుకుని ఉండేదాన్ని. తొలివానలకు ముందు నాయనమ్మ పెరటి బండలు కొబ్బరిపీచుతో తోముతుంటే నీళ్లు పోయడానికి వెళ్లాను. పందెం గీత ఇంకా ఉంది. దానికి జానెడు అవతల, మట్టి పేరుకున్న చోట, పాత మేకు గీతలు ఆరేడు బయటపడ్డాయి. అన్నీ ఒకదాని పక్కన ఒకటి, దాదాపు ఒకేచోట.

"ఇవేంటి?" అన్నాను.

"అవా? ఏటా తొలిపూత చూసిన రోజు మీ తాత గీస్తాడు. సర్వే బుద్ధి ఎక్కడికి పోతుంది."

కాసేపటికి గానీ నాకు విషయం అందలేదు. ఏ ఏడాదీ నీడ ఆ జానెడు దూరం దాటకుండా పూత రాలేదు. కోయని పాదైనా సరే, పందెం గీత దగ్గరకు పూసేది కాదు. అది ఆయనకు తెలుసు. తెలిసే, అవతలి పక్షం వాదన నా నోటే రావాలని, తాను ఓడిపోయే చోట గీత గీశాడు. "నేను ఆపకపోతే తవ్వేసేవాడా?" అని అడిగాను. నాయనమ్మ పీచు పక్కన పెట్టి, "తవ్వనిస్తానా? గునపం లాక్కునేదాన్ని. ఆ సంగతీ ఆయనకి తెలుసు," అంది.

పరుగెత్తి తాతయ్యను నిలదీశాను, ఇది మోసం కాదా అని. ఆయన పేపరు మడిచి, "బండ దాచిపెట్టానా? అందరికీ కనిపించేలాగే ఉంది. నువ్వు నీడనే చూశావు," అన్నాడు.

పగలు కురచైతేనే పూసే మొక్కలుంటాయని తర్వాత కాలేజీ పుస్తకంలో చదివినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. కారణం దొరికిందనిపించింది, అంతే. పిందెల మాట ఇప్పటికీ నమ్మను. తాతయ్య కూడా నన్ను నమ్మమనలేదు. కాలేజీ డిబేట్లలో ఏ పక్షాన మాట్లాడాలో చీటీ తీసి తేల్చేవారు. ఏ పక్షం వచ్చినా, అవతలివారి వాదనల్లో గట్టిదేదో ముందు కాగితం మీద రాసుకునే అలవాటు నాకుండేది. ఎదుటివారి బలహీనమైన మాట ఒకటి చేతికి దొరికి సభ చప్పట్లు కొట్టినప్పుడల్లా, అరచేతుల్లో ఆ మొదలును పట్టి లాగినప్పటి మంట లేచేది.

ఆ స్టీలు డబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎర్రగీత చిక్కుడు గింజలు కావాలని ఎవరైనా అడిగితే, ఇచ్చేముందు మీ ఊళ్లో గాలి ఎటు నుంచి వీస్తుంది, నీళ్లు ఎలాంటివి, మట్టి ఏం రంగు అని అడుగుతాను. గింజలకు ఇన్ని ప్రశ్నలా అని నవ్వుతారు. ఆ కొడవలి పట్టుకునే ముందు నేను అడగవలసి ఉండి అడగని ప్రశ్నలవి. ఇప్పటికీ ఏదైనా వాదనలో గెలిచి ఇంటికి వచ్చిన రోజు, నేను చూడకుండా వదిలేసిన బండ ఏదైనా ఉందేమోనని, మనసులో ఒకసారి పెరట్లోకి వెళ్లి వస్తాను.